నా చేత్తో మూసిన పుస్తకాలు

వేసవి సెలవులు దగ్గరపడ్డాయంటే పెద్దవాళ్లంతా ఒకటే మాట చెబుతారు. పిల్లలు టీవీ ముందు కూర్చోకూడదు, ఎండలో తిరగకూడదు, చక్కగా పుస్తకాలు చదువుకోవాలి అంటారు. మంచి మాటే. అయినా అది విన్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. ఏ పుస్తకమో ఎవరూ చెప్పరు. అది ఎక్కడ దొరుకుతుందో అసలే చెప్పరు. పొయ్యి వెలగని ఇంటి గడపలో నిలబడి, అన్నం బాగా నమిలి తినండమ్మా అని చెప్పిపోయినట్టు ఉంటుంది.

నలభై దాటేవరకు నాకు అక్షరం ముక్క రాదు. అందుకని ఈ కోపం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. ఒక వేసవిలో వచ్చింది. ఎనభైల చివర్లో, నా చిన్నకూతురు ఏడో తరగతి పూర్తి చేసిన ఏడాది.

మేము పాలమూరు వైపు నుంచి రాళ్లు కొట్టే పనికి హైదరాబాదు వచ్చాం. ఫిల్మ్‌నగర్ అప్పటికి ఇంకా సగం గుట్టలే. మద్రాసు నుంచి సినిమావాళ్లు ఒక్కొక్కరే వచ్చి జూబ్లీహిల్స్‌లో ఇళ్లు కట్టుకుంటున్నారు. ఆ ఇళ్ల పునాదులకు నా పెనిమిటి బండలు పగలగొట్టేవాడు. మేము గుట్ట వాలులో రేకుల ఇంట్లో ఉండేవాళ్లం. నేను ఒక ప్రాపర్టీ గోడౌనులో పనికి కుదిరాను. సినిమా సెట్టులో కనిపించే సోఫాలు, టెలిఫోన్లు, గోడ గడియారాలు, దేవుడి పటాలు అన్నీ అద్దెకిచ్చే చోటు అది. యజమాని కోస్తావైపు మనిషి. పరిశ్రమతోపాటే మద్రాసు నుంచి వచ్చాడు. నెమ్మదైనవాడు, గొంతు పెంచేవాడు కాదు.

ఆ గోడౌనులో ఒక గోడ మొత్తం పుస్తకాలే. అవీ అద్దెకే. సెట్టువాళ్లు వచ్చి పుస్తకం పేరు అడగరు. రంగు చెబుతారు, లావు చెబుతారు. జడ్జిగారి ఇల్లయితే ఎర్రవి, ఒకే ఎత్తువి. డాక్టరుగారి ఇల్లయితే నల్లవి. జమీందారు బంగళా అయితే బంగారు గీతలున్నవి. బడిపంతులు ఇల్లయితే పలచనివి, అంచులు చిరిగినవి, ఒక కట్ట చాలు. ఏ రంగు ఎన్నో వరసలో ఉందో నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. రంగు వెలిసినవాటికి కొత్త కాగితం అట్టలు వేసేదాన్ని. అన్నిటికీ దుమ్ము దులిపి, కట్టలు కట్టి, వ్యానెక్కించి, తిరిగొచ్చాక మళ్లీ సర్దేదాన్ని.

ఇంకో పని కూడా చేసేదాన్ని. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నేను చేరిన కొత్తల్లో ఒక షూటింగులో గాలివాన సీను తీస్తూ పెద్ద ఫ్యాను పెట్టారట. అలమరలోని పుస్తకాలు గాలికి తెరుచుకుని, కాగితాలు రెపరెపలాడి సీను పాడైందట. ఇంకోసారి హీరో కోపంతో పుస్తకం విసిరితే అది విచ్చుకుని కుట్లు ఊడి చెల్లాచెదురైందట. దాంతో యజమాని ఒక పద్ధతి పెట్టాడు. పుస్తకాలన్నిటికీ బంక పెట్టి మూసెయ్యాలి. నేను మైదాపిండి ఉడకబెట్టి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, కుంచెతో పుస్తకానికి మూడు అంచులా పూసేదాన్ని. పైన బండరాయి పెట్టి మర్నాటిదాకా వదిలేదాన్ని. తెల్లారేసరికి అది ఇటుకలాగా అయ్యేది. కింద పడేసినా విచ్చుకోదు. నాలుగేళ్లు అదే పని చేశాను. ఎంత శుభ్రంగా చేసేదాన్నంటే, చూసినవాళ్లకు బంక పెట్టినట్టే తెలిసేది కాదు. యజమాని నన్ను చూపించి వచ్చినవాళ్లకు చెప్పేవాడు. నాకు గర్వంగా ఉండేది. ఆ గర్వం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒకసారి అలాంటి పుస్తకాలు రెండు పెట్టెలు సెట్టుకు కాకుండా జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత కొత్త ఇంటికి వెళ్లాయి. సర్దడానికి నన్ను కూడా పంపారు. హాల్లో అద్దాల తలుపుల అలమర కట్టించారు. సోఫా రంగుకు సరిపోయేలా ఆకుపచ్చవి, గోధుమరంగువి పెట్టాం. గృహప్రవేశం అయ్యాక తిరిగొస్తాయనుకున్నాను. రాలేదు. ఇంటావిడకు నచ్చాయని అక్కడే ఉంచేసుకున్నారు. వాటిలో ఒక్కటీ తెరుచుకోదని ఆ ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా తెలిసిందో లేదో నాకు తెలియదు.

ఇక నా కూతురి సంగతి. ఏడో తరగతి పరీక్షలు అయిపోయాక బస్తీ బడి టీచరమ్మ నన్ను పిలిపించింది. ఆ బడి ఏడు వరకే. ఎనిమిదికి గుట్ట దిగి ఉన్నత పాఠశాలకు వెళ్లాలి.

"ఇన్నాళ్లూ మీ అమ్మాయి చదువుతోందనుకున్నానమ్మా. చదవట్లేదు, వల్లిస్తోంది" అంది టీచరమ్మ.

"అంటే ఏంది టీచరమ్మా?"

"చూడండి" అని తెలుగు వాచకం తీసి పిల్ల ముందు పెట్టింది. పిల్ల గడగడా మొదలుపెట్టింది. టీచరమ్మ పేజీ మీద అరచెయ్యి పెట్టి మూసేసింది. పిల్ల ఆగలేదు. చెయ్యి వంకే చూస్తూ పాఠం చివరిదాకా చెప్పేసింది. అప్పుడు టీచరమ్మ బల్ల సొరుగులోంచి పాత వార్తాపత్రిక తీసి ఇచ్చింది. పిల్ల మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటుంటే నుదుట చెమట పట్టింది. నాలుగు మాటలకే కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాకు పిల్ల మీద కోపం రాలేదు. ఏడేళ్లు బడికి పంపాను. ఏడేళ్లలో ఎవరూ ఆ పేజీ మీద చెయ్యి పెట్టి చూడలేదు. టీచరమ్మను అందామంటే, ఆ గదిలో వాచకం తప్ప మరో పుస్తకం లేదు. ఏడాది పొడవునా అవే పాఠాలు చదివితే ఏ పిల్లకైనా నోటికే వస్తాయి, చదవడం ఎక్కడినుంచి వస్తుంది?

"ఎనిమిదిలో చేర్చుకునేటప్పుడు తెలియని పేజీ ఒకటి చదివిస్తారు. తడబడిన పిల్లలకు సీట్లు లేవంటారు. ఈ రెండు నెలలూ ఏదో ఒకటి చదివించండి. వాచకం మాత్రం వద్దు" అంది టీచరమ్మ.

"మరి ఏం చదివియ్యాలె?"

"ఏదైనా. కథల పుస్తకాలు."

"అవి ఏడున్నయి టీచరమ్మా?"

ఆవిడ కిటికీలోంచి బయటకు చూసింది. బయట గుట్టలు, రేకుల ఇళ్లు.

దారిలో పిల్లే అంది. "అమ్మా, నీ గోడౌన్ల గోడంత పుస్తకాలున్నయి గదనే."

ఇంటికొచ్చి చెబితే దాని నాయన తేలిగ్గా తీసేశాడు. "సీటు రాకుంటె నీ యెంట తోల్కపో. ఇద్దరు కల్సి బంక పూయున్రి." ఆ మాట ఊరికే అన్నది కాదు. పిల్లను పనికి తెమ్మని యజమాని అప్పటికే రెండుసార్లు అడిగి ఉన్నాడు. అంటే జూన్‌లో ఆ పేజీ చదవగలిగితే నా కూతురు బడికి పోతుంది. చదవలేకపోతే నా పక్కన కూర్చుని కుంచె పట్టుకుంటుంది. మధ్యలో ఇంకో దారి లేదు.

మర్నాడు యజమాని దగ్గరకు వెళ్లాను.

"సారు, మా పిల్ల సెలవులల్ల చదువుకుంటనంటుంది. ఒక్కొక్క పుస్తకం తీస్కపోయి మల్ల తెచ్చిస్త."

"ఏ పుస్తకమమ్మా?"

"గివే సారు."

ఆయన గోడవైపు చూసి నవ్వాడు. "అవి చదివే పుస్తకాలు కాదమ్మా. చూపించే పుస్తకాలు."

"లోపట అచ్చరాలున్నయి గద సారు."

"ఉంటే? నువ్వే కదా అంటించావు" అన్నాడు. తర్వాత మెత్తగా చెప్పాడు. "ఎనిమిది చదివి మాత్రం ఏం చేస్తుందమ్మా? రేపట్నుంచి తీసుకొచ్చెయ్. చిన్న చేతులు కదా, బంక పని చక్కగా వస్తుంది. ఎండలో తిరక్కుండా నీడపట్టున ఉంటుంది."

తిట్టి ఉంటే ఊరుకునేదాన్ని. అంత మంచిగా చెప్పాడు చూడండి, అది తట్టుకోలేకపోయాను. నా పిల్ల బతుకు ఆయన దయతో నిర్ణయించేశాడు. నేను చెయ్యి చాపి అడిగింది నేను మూసినవాటిలో ఒక్కటి.

ఆ సాయంత్రం ఎర్రటి లావుపాటి పుస్తకం ఒకటి కొంగు చాటున ఇంటికి తెచ్చాను. అడిగితే ఇవ్వలేదు కాబట్టి తీసుకున్నాను. అది దొంగతనమే అంటే కావచ్చు. ఇంటిముందు బండ మీద కూర్చుని, తడిగుడ్డతో అంచు నానబెట్టి, బ్లేడుతో గీకి గీకి మొదటి నాలుగు పేజీలు విడదీశాను. నా బంక ఎంత గట్టిదో అప్పుడు తెలిసింది. పిల్ల తొంగిచూసి మూతి ముడుచుకుంది.

"అమ్మా, గిది ఇంగ్లీషు."

పక్కనే కూర్చున్న దాని నాయన పకపకా నవ్వాడు. "మంచి లావున్నది. తలకింద పెట్టుకుంటందుకు పనికొస్తది తియ్."

నాకు ఏ భాషో కూడా తెలియదు. అన్నీ అచ్చు గీతలే కదా అనుకున్నాను. పిల్ల రాయితో బండ మీద రాసి చూపించింది. "గుండ్రంగుంటె మనది. కట్టెలు నిలవెట్టినట్టుంటె ఇంగ్లీషు." మర్నాడు గోడౌనులో రంగు అట్టల కొసలు కొంచెం ఎత్తి, వెనకున్న అసలు పేర్లు చూశాను. జడ్జీలవీ డాక్టర్లవీ జమీందార్లవీ అన్నీ కట్టెలే. గుండ్రనివి బడిపంతులు కట్టలోనే ఉన్నాయి. సినిమాల్లో తెలుగు పుస్తకాలు పేదవాడి ఇంట్లోనే కనబడతాయని ఆ రోజు తెలిసింది. నిజం బతుకులో పేదవాడి ఇంట్లో అవి కూడా లేవు.

ఆ కట్టలోంచి ఒక్కోటీ తెచ్చేదాన్ని. పొద్దు గూకేలోపు మా పని బండ మీద. నేను ఒక పేజీ విడదీసేదాన్ని, పిల్ల అది చదివేది. అది చదవడం అయ్యేలోపు నేను తర్వాతి పేజీ విడదీయాలి. ముందుకు దూకడానికి లేదు, వెనక్కి పోయే పని లేదు. వేలు తడి చేసుకుని పేజీ తిప్పితే మాత్రం చేతి మీద ఒక్కటి వేసేదాన్ని. బంకలో మైలుతుత్తం విషం కదా.

మొదటివారం అది చదువుతుంటే రాయిని ఈడ్చినట్టు ఉండేది. మొదట తెరిచింది కొబ్బరితోటలకు వచ్చే తెగుళ్ల గురించి. కొబ్బరితోట ఎలా ఉంటుందో ఎన్నడూ చూడని పిల్ల, కొబ్బరి మొవ్వును తొలిచే పురుగు గురించి పదకొండు రోజులు చదివింది. నేను గీకుతూ వినేదాన్ని. రెండోది హత్య కథ. అది చదివేటప్పుడు దాని నాయన కూడా బీడీ పట్టుకుని దగ్గరకు జరిగేవాడు. చివరి నాలుగు పేజీలు బంకకు పూర్తిగా అతుక్కుపోయి, విడదీయబోతే పీలికలు పీలికలుగా ఊడాయి.

"మరి ఎవడు సంపిండు?" అన్నాడు.

"తెల్వదు నాయ్నా. కాయితం పోయింది."

"పోయిందంటె ఎట్ల? ఇన్నొద్దులు కూసోని ఇన్న." నావైపు తిరిగాడు. "గంతగనం బంక ఎవరు పెట్టుమన్నరే నిన్ను?"

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఆయన అన్నది నిజం.

వింటూ వింటూ నాకూ ఆశ పుట్టింది. విడదీసిన పేజీలో అంచు దగ్గర అక్షరం కనబడితే, గిదేంది అని అడిగేదాన్ని. పిల్ల చెప్పేది. అది పురుగు అన్నచోట "పు" చూపించేది. అదే అక్షరం మళ్లీ ఎక్కడ కనబడినా నేను బ్లేడు ఆపి చూపించేదాన్ని. పలకా బలపమూ లేకుండా నా చదువు అలా మొదలైంది. నేను మూసిన అంచుల దగ్గరే మొదలైంది.

కష్టమైన పని చదివించడం కాదు. చదివిన పుస్తకాన్ని తిరిగి పెట్టాలి. పెట్టాలంటే మళ్లీ మూయాలి. తెరిచి ఉంటే దొరికిపోతాం. కొబ్బరి పుస్తకానికి మళ్లీ బంక పూస్తున్నప్పుడు నా చెయ్యి ఆగిపోయింది. అప్పటిదాకా ఏం మూస్తున్నానో తెలియక మూశాను. ఇప్పుడు ఆ పురుగు ఏ నెలలో వస్తుందో, దాన్ని ఎలా పట్టాలో అన్నీ తెలిసి మూస్తున్నాను. నాలుగేళ్లలో నేను ఎన్ని మూశానో, వాటిలో నా పిల్లలాంటి పిల్లలకు పనికొచ్చేవి ఎన్నున్నాయో అనుకుంటే గుండెలో మంట లేచింది. ఆ మంట యజమాని మీద కొంత, నామీద ఎక్కువ.

మే నెల సగంలో చీమల పుస్తకం దొరికింది. ఆకుపచ్చ అట్ట, పలచనిది, పిల్లల కోసం రాసినది. చీమలు పుట్ట ఎలా కడతాయి, దారి ఎలా గుర్తుపెట్టుకుంటాయి, రాణిచీమ ఏం చేస్తుంది అని బొమ్మలతో ఉంది. నా కూతురు మారిపోయింది. పొద్దున్నే లేచి బండ పగుళ్ల దగ్గర బోర్లా పడుకుని చీమల వరసలు చూసేది. చదివిందానికీ చూసిందానికీ సరిపోతుందో లేదో అని మళ్లీ వచ్చి పుస్తకం తీసేది. ఎవరూ చెప్పకుండా మళ్లీ తీసేది. రాయిని ఈడ్చడం ఎప్పుడు ఆగిందో నేను గమనించలేదు. ఒకనాడు వింటుంటే మనిషి మాట్లాడినట్టే ఉంది.

తిరిగి ఇచ్చే రోజు పుస్తకం ఒళ్లో దాచుకుంది. "గిది ముయ్యకే అమ్మా. అన్ని ముయ్యి, గిదొక్కటి ముయ్యకు."

సరే అన్నాను. బంక పెట్టకుండానే బడిపంతులు కట్టలో దూర్చాను. ఆ కట్ట మూడోనాడే షూటింగుకు పోతుందని నాకేం తెలుసు.

సాయంత్రం వ్యాను తిరిగొచ్చింది. యజమాని నన్ను లోపలికి పిలిచాడు. బల్ల మీద చీమల పుస్తకం ఉంది.

"ఇది ఎవరు విప్పారు?"

"నేనే సారు."

"గాలి ఫ్యాను పెట్టారు. ముందు హీరోయిన్ ఏడుస్తుంటే వెనకాల ఇది టపటపా కొట్టుకుని కింద పడింది. మళ్లీ తీయాల్సి వచ్చింది. నా పరువేం కాను? నాలుగేళ్లు నిన్ను నమ్మానే."

"సారు, పుస్తకం తెరుసుకునేటందుకే ఉంటది. తెరుసుకున్నది. గంతే."

"నాకు నీతులు చెప్పకు."

"నీతులు గాదు సారు. గోడనిండ పెట్టుకున్నరు. ఒక్కటి అడిగిన. చూపిచ్చేటియి అంటిరి. నా పిల్ల గవ్వే చదివింది. కొబ్బరిది చదివింది, చీమలది చదివింది. మీరు ఇస్తె మంచిగ తెచ్చిస్తుంటి. ఇయ్యక నన్ను దొంగను జేసిన్రు. సెలవులల్ల చదవాలె చదవాలె అని అందరు చెప్తరు. పుస్తకాలు మాత్రం మా చేతులతోనే మూయిస్తరు."

నాలుగేళ్లలో నేను అంత మాట్లాడటం ఆయన వినలేదు. నేనూ వినలేదు. "రేపట్నుంచి రాకు" అన్నాడు. పుస్తకం నావైపు నెట్టాడు. "ఇదీ తీసుకుపో. ఇంక సెట్టుకు పనికిరాదు."

ఎనిమిదో రోజున కబురు పెట్టాడు. ఏ రంగు ఎక్కడుందో ఎవరికీ దొరకడం లేదట. వెళ్లాను. దులుపుతాను, కట్టలు కడతాను, బంక మాత్రం ముట్టుకోను అన్నాను. సరేనన్నాడు. ఆ పని ఇంకొకరితో చేయించాడు. దాన్ని ఆపగలిగానని నేను చెప్పడం లేదు. నా చెయ్యి ఒక్కటే ఆగింది.

బడి తెరవడానికి ఇంకా రెండువారాలుంది. మా దగ్గర చీమల పుస్తకం ఒక్కటే ఉంది. పిల్ల దాన్ని నాలుగోసారి చదువుతుంటే నాకు భయం పట్టుకుంది. టీచరమ్మలాగే పేజీ మీద చెయ్యి పెట్టాను. నేను భయపడ్డట్టే అది ఆగకుండా చెప్పుకుపోయింది. ఇదీ నోటికి వచ్చేసింది. మళ్లీ మొదటికే వచ్చామా అనుకున్నాను. అప్పటినుంచి కనబడిన ప్రతి కాగితం పట్టుకొచ్చాను. మిర్చిబజ్జీ చుట్టిన కాగితం, సబ్బు అట్ట, మందుల చీటీ, గోడల మీది సినిమా పోస్టర్ల కింద చిన్న అక్షరాలు. సినిమావాళ్ల ఊళ్లో ఉన్నందుకు ఆ పోస్టర్లకేం కరువు లేదు. అరటిపళ్ల బండివాడు కూడా నన్ను చూస్తే రెండు పాత పేపర్లు అదనంగా ఇచ్చేవాడు. ఒక పిల్లకు చదవడం నేర్పడానికి చెత్త ఏరుకోవలసి వచ్చింది. ఎక్కడో కాదు, జూబ్లీహిల్స్ పక్కన.

బడి తెరిచిన రోజున ఇద్దరం ఉన్నత పాఠశాలకు వెళ్లాం. హెడ్మాస్టరు గది ముందు వరస. మావంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆయన కాగితాల మీద సంతకాలు పెడుతూ, తల ఎత్తకుండానే బల్ల మీదున్న పుస్తకం పిల్ల ముందుకు జరిపాడు. ఏడో తరగతి తెలుగు వాచకం.

"చదువమ్మా."

నా గుండె తేలికపడింది. ఇంక సీటు వచ్చేసినట్టే అనుకున్నాను. పిల్ల రెండు వాక్యాలు చెప్పి ఆగింది. పుస్తకం మూసింది.

"సార్, గిది నాకు నోటికొచ్చు. వేరేది ఇయ్యండి."

ఆయన అప్పుడు తల ఎత్తాడు. "వస్తే మంచిదేగా. కానివ్వు."

"చదువుతలేను సార్. అప్పజెప్తున్న."

గదిలో ఉన్న గుమాస్తా నవ్వాడు. అందివచ్చిన సీటు ఎక్కడ పోగొట్టుకుంటుందో అని దాని జబ్బ గిల్లాను. అది చెయ్యి విదిలించుకుంది.

"వేరే పుస్తకం ఇక్కడ లేదమ్మా" అన్నాడు ఆయన.

ఆయన వెనకాల అద్దాల బీరువా ఉంది. దాని నిండా పుస్తకాలు. తాళం వేసి ఉంది. నేను అనకూడదనుకుంటూనే అనేశాను. "గా బీరువల ఉన్నయి గద సారు."

"అది లైబ్రరీ. దాన్ని చూసుకునే మాస్టారు ఇంకా సెలవులోంచి రాలేదు. సెలవుల్లో తెరిస్తే పుస్తకాలు పోతాయి కదా, అందుకని తాళంచెవి ఆయన పట్టుకెళ్లిపోతారు."

సెలవుల్లో చదవమని పిల్లలకు చెప్పేది వీళ్లే. సెలవుల్లో తాళం వేసేదీ వీళ్లే. మైదాబంక అయినా నయం, తడిగుడ్డ పెడితే విడుస్తుంది.

ఆయన టీ గ్లాసు కింద ఉన్న ఆనాటి పేపరు తీసి ఇచ్చాడు. వానలు ఆలస్యమైతే చెరువుల కింద నాట్లు ఏమవుతాయో రాసిన వార్త. పిల్ల నిలబడి చదివింది. ఒక మాట దగ్గర తడబడింది. అది వెనక్కి వెళ్లి, మాటను ముక్కలు చేసుకుని, కలుపుకుని, ముందుకు పోయింది. ఆయన చాలు అన్నాడు. అది వార్త అయ్యేదాకా ఆగలేదు.

"ఎవరు నేర్పించారు?"

"మా అమ్మ పేజీలు ఇప్పింది సార్."

ఆయనకు అర్థం కాలేదు. నేను చెప్పలేదు. దరఖాస్తు మీద వేలిముద్ర వేశాను. సీటు వచ్చింది. బయటకు నడవబోతూ ఆగాను.

"గా తాళం ఎప్పుడు తీస్తరు సారు?"

"సీటు వచ్చింది కదమ్మా. సంతోషించు" అన్నాడు.

సంతోషించాను. కానీ ఆ మాటతో సరిపెట్టుకుని పోయేదాన్ని ఇక కాదు. ఆ శనివారం గోడౌను నుంచి కాస్త ముందుగా బయటపడి ఆయన గది ముందు నిలబడ్డాను. మాస్టారు రాలేదన్నారు. తర్వాతి శనివారం వచ్చాడు గానీ తాళంచెవి కనబడటం లేదన్నారు. ఆ తర్వాతి శనివారం రిజిస్టరు సరిచూడాలి, అయ్యాక చూద్దామన్నారు. గోడకు ఆనుకుని బడి వదిలేదాకా నిలబడ్డాను. వచ్చేపోయే పిల్లలు, ఎందుకు నిలబడ్డవ్ అవ్వా అని అడిగితే, మీ బీరువ తెరిపిస్తందుకు అని చెప్పాను. నాలుగో శనివారానికి నాతోపాటు ఏడెనిమిదిమంది పిల్లలు నిలబడ్డారు. తాళంచెవి దొరికింది.

లోపలినుంచి బొద్దింకలు పరుగెత్తాయి. పుస్తకాలు మాత్రం బాగానే ఉన్నాయి. నా కూతురు ఒకటి తీసుకుంది. రిజిస్టరు తెరిచి గుమాస్తా నావైపు చూశాడు.

"ఎవరి పేరు రాయాలి? అమ్మాయిదా, నీదా?"

"ఇద్దరిది రాయి."

వారం రోజులకు ఇచ్చారు. పిల్ల మూడురోజుల్లో చదివేసింది. మిగిలిన నాలుగు రోజులు నావి. ఒక్కో అక్షరం పట్టుకుంటూ నేను రెండు పేజీలే దాటగలిగాను. అందుకని తర్వాతి శనివారం మళ్లీ వెళ్లాను. నాలాంటివాళ్లకు వారం ఎట్లా చాలుతుందని అడగడానికి.